పొలమారిన పేరు

చిట్టా 1. ఫిబ్రవరి 9, 2093. సంఖ్య: 47

సంఖ్య యాభై దిగిన పరిశోధకులు చిట్టా రాయాలని నియమం. నాది దిగి నెల దాటింది. ఆలస్యానికి కారణం రాయమని ఒక గడి ఉంది. బద్ధకం అని రాశాను.

పేరు పేడాడ హైమావతి. వయసు అరవై రెండు. పక్షవాతంతో మాట పడిపోయినవాళ్ళ మెదడులోంచి, వాళ్ళు అనబోయే మాటను పట్టి స్పీకర్లో పలికించడం నా పని. ఈ పద్ధతి నాదే. పద్నాలుగేళ్ళలో పదకొండు మందికి అమర్చాం. ఇప్పుడు మిగిలింది ఒక్కరు, గనిశెట్టి సింహాద్రి. మిగతా పదిమందీ వయసు మీద పడి పోయారు, పద్ధతి వల్ల కాదు. ఈ ముక్క నేను రాయకపోతే ఇంకెవరో ఇంకోలా రాస్తారు.

పొద్దున పొగమంచుని పట్టి నీళ్ళుగా కార్చే మంచు వలల దగ్గర నీళ్ళు పట్టుకున్నాను, రెండు బిందెలు. ఉప్పుగాలికి తెల్లబడ్డ యాంటెన్నా పలకను తడిగుడ్డతో తుడిచాను. సముద్రం కొండ నడుముదాకా వచ్చాక ఈ తుడుపు రోజూ ఉండేదే. తుడిచి లేచేసరికి నడుము పట్టేసింది.

మా పరిశోధన కేంద్రంలో ఒక్కో గది గుమ్మం మీద ఒక్కో పలక ఉంటుంది. మన పద్ధతి మీద మనం రాసిన పేపర్లను లోకంలో ఎవరైనా తమ పేపర్లో ఉటంకిస్తే పలక మీద అంకె ఒకటి పెరుగుతుంది, చిన్న చప్పుడొస్తుంది. తయారుచేసినవాళ్ళు దాన్ని సూచన ధ్వని అన్నారు. వింటే మాత్రం అచ్చం మనిషికి పొలమారినట్టే ఉంటుంది. అందుకని ఇక్కడ అందరూ "ఇవాళ నీకు పొలమారిందా?" అనే అడుగుతారు. ఎక్కడో ఎవరో తలుచుకున్నారన్నమాట. ఇంట్లోనైతే పక్కనున్నవాళ్ళు నెత్తి మీద తడతారు, ఇక్కడ ఎవరి గదిలో వాళ్ళం. పక్క గదికి పూటకోసారి పొలమారుతుంది. మా గదికి పొలమారి పదమూడు నెలలైంది.

పదేళ్ళు నిండిన ఉటంకింపు లెక్కలోంచి రాలిపోతుంది. రాలేటప్పుడు చప్పుడుండదు.

సంఖ్య నలభై దిగితే పద్ధతి సజీవ జాబితాలోంచి పోతుంది. జాబితాలో లేని పద్ధతిని మనిషి తలలో నడపకూడదు. ఈ చట్టాన్ని తిట్టే హక్కు నాకు లేదు. ఎవరూ చదవని, ఎవరూ తిరిగి పరీక్షించని పద్ధతుల వల్ల ఒకప్పుడు మనుషులు చనిపోయారు. చట్టం చేసిన కమిటీలో నేనూ ఉన్నాను, చెయ్యి ఎత్తినవాళ్ళలోనూ ఉన్నాను.

చిట్టా 2. ఫిబ్రవరి 16. సంఖ్య: 46

సింహాద్రి భార్యతో కలిసి పరీక్షకు వచ్చాడు. రోజూ వస్తారు. ఆయన పూర్వం చేపల వలలు అల్లేవాడు, ఊరు నీళ్ళపాలయ్యాక కొండమీద మంచు వలలు బాగుచేసేవాడు. ఆరేళ్ళ క్రితం పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, నోటిమాట పోయాయి. ఇప్పుడు ఆయన మాట మెడలో వేలాడే స్పీకర్లోంచి వస్తుంది. ఆ గొంతు ఆయనదే, పాత పెళ్ళి వీడియోలోంచి తీశాం.

"ఏటి డాట్రమ్మా, గుమ్మం మీద అంకె ఒకటి తగ్గిపోనాది?" అన్నాడు వస్తూనే.

"మీకెందుకండీ అంకెలు?"

"వల కన్నాలు లెక్కెట్టీవోన్ని. నాకు కనబడకపోతే ఇంకెవులికి కనబడతాది?"

"పొద్దున్నుంచీ ఇదే రంధి డాట్రమ్మా," అంది భార్య. "అంబలి తాగమంటే అంకెలంతాడు."

"ఒలే, గుడ్డ తే," అన్నాడాయన. ఆవిడ మూతి తుడిచి, చోడి అంబలి గిన్నె మళ్ళీ అందించింది.

చెవి వెనక తీగ బిగువు చూశాను, బాగుంది. ఆయన ఎక్కువసార్లు వాడే మాట "ఒలే". భార్యను పిలవడానికి రోజుకి డెబ్భై ఎనభై సార్లు. తెర మీది మెదడు గీతలో దానికి ఒకే ఒక్క నిటారు గుట్ట లేస్తుంది. ఆరేళ్ళలో ఆ మాటను పద్ధతి ఒక్కసారి కూడా తప్పు పలకలేదు. వాళ్ళిద్దరూ వెళ్ళాక కూడా ఆ గుట్టను కాసేపు చూస్తూ కూర్చున్నాను. సొంత పనిని చూసి మురిసిపోవడానికి చిట్టాలో గడి లేదు.

చిట్టా 3. ఫిబ్రవరి 27. సంఖ్య: 44

పదకొండు రోజుల్లో రెండు రాలాయి. పదేళ్ళ క్రితం ఇదే రోజుల్లో నా పేపర్ మీద పెద్ద సదస్సు జరిగింది. అప్పుడు ఒక్కసారే వచ్చినవి ఇప్పుడు వరసగా పోతున్నాయి.

కొత్త పద్ధతి ఒకటుంది, అందరూ దాన్నే ఉటంకిస్తారు. అది మంచిదే. కాకపోతే వార్తలు చదివేవాళ్ళ భాష మాట్లాడుతుంది. దాన్ని అమర్చాలంటే తల మళ్ళీ తెరవాలి. సింహాద్రికి డెబ్భై ఒకటి, గుండె బలహీనం. మత్తు ఇస్తే లేవడని గుండె డాక్టరు రాసిచ్చేశాడు. నాది ఈ తీరంలో జనం మాట్లాడే మాట మీద కట్టిన పద్ధతి. ఈ మాట మీద పనిచేసేవాళ్ళే నన్ను తలుచుకోవాలి. ఊళ్ళు నీళ్ళలో ఉన్నాయి, పరిశోధకులు ఎక్కడెక్కడో ఉన్నారు.

నా పాత విద్యార్థి నజీర్‌కు ఫోన్ చేశాను. ఇప్పుడు వాడికి పెద్ద ల్యాబ్ ఉంది. అడిగి రాయించుకున్న ఉటంకింపు బయటపడితే ఇద్దరి సంఖ్యలూ కోసేస్తారు కాబట్టి నోరు తెరిచి అడగలేదు. వానల గురించి మాట్లాడాను.

"మేడం, మీరు అడగక్కర్లేదు," అన్నాడు వాడే. "నా కొత్త పేపర్లో మీది ఎప్పుడో పెట్టాను. మార్చి ఇరవై రెండున వస్తుంది."

శిష్యుడి ఉటంకింపుకి సగమే లెక్క. అయినా మనసు తేలికపడింది. ఆ పూట అన్నం కాస్త ఎక్కువే తిన్నాను.

చిట్టా 4. మార్చి 5. సంఖ్య: 43

ఉటంకింపుల లెక్కలుండే రిజిస్ట్రీ తెరిచి నా లెక్క ముందునుంచీ చూసుకున్నాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ చూడలేదు. అక్కడ నేను ఇద్దరిగా ఉన్నాను.

మాకు ఇంటిపేరు ముందుంటుంది, మనిషి పేరు చివరుంటుంది. ఈ సంగతి ఏ ఫారానికీ తెలియదు. నలభై ఏళ్ళ క్రితం మొదటి పేపర్ పంపేటప్పుడు "చివరి పేరు" అని గడి కనిపించింది. చివర ఉన్నది హైమావతే కదా అని అదే రాశాను. అచ్చులో "హైమావతి పి." అయ్యాను. తర్వాత ఎవరో చెబితే తెలిసి దిద్దుకున్నాను, "పేడాడ హెచ్." అయ్యాను. ఒక పత్రికవాళ్ళు మాత్రం ఎన్ని ఉత్తరాలు రాసినా వినలేదు, ఇప్పటికీ నన్ను పాత పేరుతోనే అచ్చేస్తారు. సదస్సులకు వెళితే "డాక్టర్ పేడాడ" అని పిలుస్తారు. అది మా తాతల పేరు, ఆ పిలుపుకి నేను సగం సార్లు వెనక్కి తిరగను.

గుమ్మం మీదున్న నలభై మూడూ పేడాడ హెచ్. ఖాతావి. హైమావతి పి. అనే ఆవిడకి ఇరవై రెండున్నాయి. ఆవిడకి గది లేదు, గుమ్మం లేదు, ఆ ఇరవై రెండూ ఊరికే పడి ఉన్నాయి. కలిపితే అరవై ఐదు. సింహాద్రి బతికున్నన్నాళ్ళూ సరిపోతుంది.

రిజిస్ట్రీలో ఇందుమతి అనే ఆవిడ తెర మీదికి వచ్చింది. నెమ్మదైన మనిషి.

"కలిపాక మళ్ళీ విడదీయడం ఉండదండీ. ఒకసారి ఆలోచించుకోండి మేడం," అంది.

"మా నాన్న ఇచ్చిన ఇంటిపేరు, మా అమ్మ పెట్టిన పేరు. రెండూ నావే. ఇందులో ఆలోచించేదేముంది?"

"పూర్తి వివరాలు చూసుకున్నారా అండీ? రెండు పేర్ల పేపర్లూ ఒకదాన్నొకటి..."

"నలభై ఏళ్ళుగా చూసుకుంటూనే ఉన్నానమ్మా," అన్నాను మధ్యలోనే.

"సలహా చెప్పే అధికారం మాకు లేదండీ," అని ఫారం పంపింది. ఇద్దరూ ఒక్కరేనని సంతకం పెట్టాను. చాలా రోజుల తర్వాత పూర్తి పేరుతో సంతకం పెట్టాను, అక్షరం అక్షరం తీరిగ్గా.

చిట్టా 5. మార్చి 12. సంఖ్య: 36

తప్పు అచ్చుపడిందనుకున్నాను. గుమ్మం పలకని రెండుసార్లు తుడిచాను.

ఇందుమతి లెక్క పంపింది. నలభై మూడూ ఇరవై రెండూ కలిపి అరవై ఐదు. అందులో పేడాడ హెచ్.ని హైమావతి పి. ఉటంకించినవి పదిహేడు. హైమావతి పి.ని పేడాడ హెచ్. ఉటంకించినవి పన్నెండు. ఇద్దరూ వేరు మనుషులైనంత కాలం అవి లెక్కకి వచ్చాయి. ఒక్కరేనని నేను రాసిచ్చాక అవన్నీ సొంత ఉటంకింపులైపోయాయి. సొంతవి లెక్కలోకి రావు. ఇరవై తొమ్మిది పోగా ముప్పై ఆరు.

ఆవిడ ఆ రోజు చెప్పబోయింది ఇదే. నేనే చెప్పనివ్వలేదు.

ఇన్నేళ్ళలో నన్ను అందరికంటే ఎక్కువగా తలుచుకున్నది నేనేనన్నమాట. నాకు నేను పొలమారిస్తూ, ఎవరో తలుచుకుంటున్నారని మురిసిపోయాను.

మధ్యాహ్నం నోటీసు వచ్చింది. మార్చి ఇరవై రెండు సాయంత్రం నాలుగింటికి పద్ధతి ఆగుతుంది. అంతవరకూ ఉన్నది ఉన్నట్టు నడుస్తుంది. మార్పులు చెయ్యకూడదు, కొత్త మాట నేర్పకూడదు.

చిట్టా 6. మార్చి 14. సంఖ్య: 36

మేమిద్దరం వేరు మనుషులమని రాసి సంతకం పెట్టాను. నేను నేను కాదని ప్రమాణం చేశాను. సిగ్గేమీ వెయ్యలేదు.

ఇందుమతి ఫారం రెండుసార్లు చదివింది.

"అయితే హైమావతి పి. గారిని ఒకసారి తెర ముందుకి తీసుకురండి మేడం," అంది. వెటకారం కాదు, నియమం అదే. వేలిముద్ర కావాలట.

"ఆవిడ లేదమ్మా," అన్నాను.

"క్షమించండి మేడం. ఆ రోజు మీ మాటకి అడ్డొచ్చి అయినా చెప్పాల్సింది."

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ ఏడుస్తుంటే నేను ఓదార్చాల్సి వచ్చింది.

చిట్టా 7. మార్చి 15. సంఖ్య: 36

వాళ్ళకి చెప్పాను. మూడు రోజులు దాచాను, ఇక దాచలేకపోయాను. రెండు పేర్ల సంగతి, సంతకం సంగతి, అంతా చెప్పాను.

"కలపకండా ఉంటే?" అని అడిగాడు సింహాద్రి.

"రాలాల్సినవి ఈ నెలతో అయిపోయేవి. ఇంకో రెండేళ్ళు నడిచేది. ఈలోగా ఏదో ఒక దారి దొరికేది."

స్పీకర్లో కాసేపు గాలి చప్పుడే వచ్చింది. ఆయన ఏమీ అనుకోవడం లేదో, అనుకున్నది మాటగా కుదరడం లేదో తెర చూసినా నాకు తెలియలేదు.

"సొంత పేరు గావాలనుకోడం తప్పేటి కాదులే డాట్రమ్మా," అన్నాడు చివరికి.

భార్య అంబలి గిన్నె కింద పెట్టింది. "మీ పేరు కోసం ఈ మనిసి మాట తీసీసినారా?" అంది. గొంతు పెంచలేదు. "ఆరేళ్ళ కిందట మాట పోనాదని ఒకపాలి ఏడిసినాను. మల్లీ మీరే ఇచ్చినారు. మల్లీ మీరే ఏడమంటన్నారు."

ఆవిడ అన్నది చిట్టాలో ఉండాలని రాస్తున్నాను. తిరిగి వెళ్ళేటప్పుడు ఆవిడ నా వైపు చూడలేదు.

చిట్టా 8. మార్చి 18. సంఖ్య: 36

పరీక్షించడానికి ఏమీ లేకపోయినా వాళ్ళు రోజూ వస్తున్నారు. ఆవిడ నాతో మాట్లాడదు, ఆయన్ని కూర్చోబెట్టి నీళ్ళకి వెళుతుంది.

ఇవాళ ఆవిడ వెళ్ళగానే, "ఒక మాట నేర్పాల డాట్రమ్మా," అన్నాడు సింహాద్రి.

"కొత్త మాట నేర్పకూడదండీ. తాళం వేసేశారు."

"ఒక్కటే."

ఏ మాట అని అడిగితే చెప్పలేడు, పద్ధతికి రాని మాట కదా. ఎడమచేత్తో బల్ల మీది కాగితాలు చూపించాడు. ఒక్కోటీ తీసి చూపించాను. ఆరేళ్ళ క్రితం ఆపరేషన్‌కు ఒప్పుకుంటూ రాసిన కాగితం దగ్గర ఆగాడు. అడుగున భార్య సంతకం మీద వేలు పెట్టాడు. గనిశెట్టి నూకాలమ్మ.

"ఏబయ్యేళ్ళయినాది," అన్నాడు. "ఒకపాలైనా నోట అన్నేదు."

మాట పోయాక ఆయనకు కావలసిన మాటలు మూడు వేలు నేనే కూర్చుని జాబితా రాశాను. వల, దారం, సూది, గుడ్డ, అంబలి, ఆకలి, నొప్పి. పక్కనే కూర్చున్న మనిషి పేరు రాయాలని నాకు తోచలేదు. ఆయనా అడగలేదు. అనని మాట ఎందుకు అడుగుతాడు? పేరు కోసం రిజిస్ట్రీతో యుద్ధం చేసిన నేను ఆరేళ్ళుగా ఆవిడని "అమ్మా" అనే పిలిచాను.

కొత్త మాట మీట నొక్కాను, పనిచెయ్యలేదు. అడ్డదారులు మూడు తెలుసు. మూడూ మూసేశారు. వాటిని మూయమని ఒకప్పుడు కమిటీకి రాసిందీ నేనే.

ఆయన కళ్ళు మూసుకుని ఆ పేరు అనడానికి ప్రయత్నించాడు.

"ఒలే," అంది స్పీకర్.

మళ్ళీ ప్రయత్నించాడు. "ఒలే." మళ్ళీ. "ఒలే."

తెర మీద మాత్రం ఒలే లేదు. ఒక్క గుట్ట లేవాల్సిన చోట మూడు లేచాయి. మొదటిది పొడుగ్గా, రెండోది కాస్త పొట్టిగా, మూడోది వెడల్పుగా. మూడుసార్లూ ఒకేలా లేచాయి. ఆయన భార్య గురించి తనకు తెలిసిన ఒకే ఒక్క మాటని పద్ధతి వెతికి పలుకుతోంది. అది తప్పు చెయ్యడం లేదు, నేను నేర్పిందే చేస్తోంది.

బయట బిందె దించిన చప్పుడైంది. "వొచ్చినాను, ఏటి అన్నిసార్లు?" అంటూ ఆవిడ లోపలికి వచ్చింది. ఆయన కళ్ళు తెరిచాడు, నేను సంతకం కాగితాన్ని మిగతావాటి కింద పెట్టేశాను.

చిట్టా 9. మార్చి 21. సంఖ్య: 36

రాయడానికి ఏమీ లేదు. యాంటెన్నా పలక తుడిచాను. ఇక తుడవనక్కర్లేదని తుడిచాక గుర్తొచ్చింది.

చిట్టా 10. మార్చి 22.

మూడింటికే వచ్చారు. ఆయన ఉతికిన చొక్కా వేసుకున్నాడు. ఆవిడ తలుపు దగ్గర స్టూలు మీద కూర్చుంది, నాకు దూరంగా.

ఆయన చెప్పాల్సినవన్నీ ముందే అనుకుని వచ్చినట్టున్నాడు. పడమటి వల మూడో స్తంభం దగ్గర వదులైందని ఎవరికైనా చెప్పమన్నాడు. పెద్ద సూది ఎక్కడ పెట్టాడో చెప్పాడు. "డాట్రమ్మా, మీరు భోజనం మానకండి," అన్నాడు.

నాలుగు కావడానికి పది నిమిషాలుండగా గుమ్మానికి పొలమారింది. పద్నాలుగు నెలల తర్వాత మొదటిసారి. నజీర్ పేపర్ వచ్చింది. పలక మీద ముప్పై ఆరున్నర.

వారం రోజులుగా నాతో మాట్లాడని మనిషి స్టూలు మీంచి లేచి వచ్చింది. వచ్చి నా నెత్తి మీద రెండుసార్లు తట్టింది. "ఎవులో తలుసుకున్నారు," అంది, అలవాటు కొద్దీ. నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

"ఒలే," అన్నాడు సింహాద్రి.

"ఇక్కడే ఉన్నాను."

"ఒలే."

"ఉన్నానంటన్నాను గదా. ఏటి గావాల?"

తెర మీద మూడు గుట్టలు. ఇక ఊరుకోలేకపోయాను.

"ఒలే అనడం లేదమ్మా," అన్నాను. "ఆయన మీ పేరు అంటున్నారు. ఈ యంత్రానికి మీ పేరు రాదు, నేను నేర్పలేదు. ఇదిగో, ఇది నూ. ఇది కా. ఈ వెడల్పుది లమ్మ."

ఆవిడ తెర వైపు చూసింది, ఆయన వైపు చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏబయ్యేళ్ళు లేనిది ఇప్పుడేటి?" అంది, ఆయనతో కాదు, గోడతో.

"ఒలే," అంది స్పీకర్, ఆఖరుసారి. గడియారం నాలుగు చూపించింది. స్పీకర్ మీది పచ్చదీపం ఆరిపోయింది. గుమ్మం మీద అంకె కూడా పోయింది, పలక నల్లగా ఉంది.

ఆయన నోరు తెరిచాడు, గాలి తప్ప ఏమీ రాలేదు. తలలోని తీగ మాత్రం ఇంకా పనిచేస్తోంది. పలికించడమే నిషేధం, తెరని ఐదింటికి గానీ విప్పి తీసుకుపోరు. తెర మీద గుట్టలు లేచాయి. పొడుగ్గా ఒకటి, పొట్టిగా ఒకటి, వెడల్పుగా ఒకటి.

"నూకాలమ్మా," అని చదివాను.

"ఆఁ," అందావిడ.

మళ్ళీ లేచాయి. మళ్ళీ చదివాను. ఆవిడ మళ్ళీ పలికింది. ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు. తెర విప్పే మనిషి పెట్టె పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. ఇంకొక్కసారి, అన్నాను. అతను పెట్టె కింద పెట్టి నిలబడ్డాడు.